ఫ్రేము కట్టిన సముద్రం

"సముద్రమా ఇది? మా పత్తి చేలో పురుగుమందు డబ్బా ఒలికినట్టుంది!"

త్రినాథ్ మాటకి ఫ్రేముల షాపు అస్లాం పగలబడి నవ్వాడు. పక్కనున్న శ్రీరమ్య కూడా నవ్వింది. ఇద్దరికీ నిశ్చితార్థమై పది రోజులైంది. కాపురం పెట్టబోయే ఇంటికి ఏవో కొందామని గుంటూరు వచ్చారు.

"ఎవరో పెద్ద పెయింటర్ వేసినదానికి ప్రింటండీ. మోడరన్ ఆర్ట్," అన్నాడు అస్లాం.

"కొంపదీసి నీకు నచ్చిందా ఏంటి?" త్రినాథ్ కళ్లెగరేశాడు.

"అబ్బే, ఊరికే చూశా," అంది శ్రీరమ్య.

గోడగడియారం కొనుక్కుని వచ్చేశారు.

ఆ తర్వాత ఫోన్లో ఆమె మాటలు తగ్గాయి. త్రినాథ్ మాత్రం జోకులేస్తూనే ఉన్నాడు. నెల తిరక్కుండానే ఆమె పెళ్లి వద్దంది. 'మీతో ఏం చెప్పాలన్నా భయమేస్తోంది' అని ఒక్క మెసేజ్. గట్టిగా ఒక్క మాటైనా అనలేదే, భయమేంటని అతను రోషపడ్డాడు.

ఏడాది గడిచింది. గుంటూరు యార్డులో మిరపకాయలు అమ్మి వస్తుంటే వాన పట్టుకుంది. పరుగున ఆ ఫ్రేముల షాపులోకే దూరాడు. బొమ్మ ఇంకా అక్కడే ఉంది. వేరే పనేమీ లేక దాన్నే చూస్తూ నిలబడ్డాడు. దగ్గరికెళ్తే రంగు మరకలే. రెండడుగులు వెనక్కి వేస్తే, అల పైకి లేచి, విరిగిపడబోతూ ఒక్క క్షణం ఆగినట్టుంది. వాన వెలిసినా కదలబుద్ధి కాలేదు.

"ప్యాక్ చెయ్యి అస్లాం భాయ్."

మర్నాడు దాన్ని బైకు వెనక కట్టుకుని, శ్రీరమ్య లెక్కలు చెప్పే ప్రత్తిపాడు స్కూలుకి వెళ్లాడు. వరండాలో కవరు విప్పగానే ఆమె ముఖం వెలిగింది. అంతలోనే చిన్నబోయింది.

"నీకోసమే తెచ్చా. ఆ రోజు నవ్వి తప్పు చేశాను."

"మీరు నవ్వినందుక్కాదండీ. నచ్చిందని చెప్పలేక నేనూ నవ్వేశానే, అందుకు. ఇక జన్మంతా అలాగే నవ్వుతూ బతకాలేమోనని భయమేసింది."

"పోనీ, ఇప్పుడు చెప్పు. వింటాను."

శ్రీరమ్య తల వంచుకుంది. "వచ్చే నెల నా పెళ్లండీ."

త్రినాథ్ కవరు మళ్లీ చుట్టబోయాడు.

"నాకోసమే కొన్నారా? మీకూ నచ్చిందా?" అడిగిందామె.

"నచ్చింది."

"ఏం నచ్చింది?"

ఈసారి అతనికి జోకు తోచలేదు. అల అంచు మీద వేలు పెట్టి, "పడిపోతానని దీనికి తెలిసినట్టే ఉంది. అయినా లేచింది," అన్నాడు.

ఆమె ఆ వేలివైపే చూస్తుండిపోయింది. కళ్లు నిండాయి.

"మీరిలా మాట్లాడగలరని నాకు తెలీదు."

"నాకూ తెలీదు."

బెల్లు కొట్టారు. క్లాసు గుమ్మం దగ్గర ఆమె ఒక్క క్షణం ఆగింది.

"ఎండ తగలని గోడకి పెట్టుకోండి. రంగు వెలిసిపోతుంది."

"అలాగే," అన్నాడు త్రినాథ్.

ఫ్రేముని మళ్లీ బైకుకి కట్టుకోవడానికి అతనికి చాలాసేపు పట్టింది.