మావ్రోలిథిలో మధ్యాహ్న నిద్ర

చర్చి ముందు ఆగిన బస్సు చుట్టూ పొద్దున్నే తిరునాళ్ల సందడి. ఒకరి చేతిలో నువ్వులద్దిన రొట్టె, ఇంకొకరి చేతిలో ఐసు కాఫీ, అందరి నోటా ఒకేసారి మాటలు. నీకియా పేట వాళ్లు ఏటా వేసవిలో ఇలా ఒక్కరోజు యాత్ర వేస్తారు. ఈసారి పాతకాలపు శిథిలాలు చూడాలనుకున్నారు. పొద్దున మికీనే కోట, మధ్యాహ్నం మావ్రోలిథి కొండ మీద, రోగాలు నయం చేసే పాతకాలపు దేవుడు అస్క్లిపియోస్ గుడి, సాయంత్రం నాఫ్‌ప్లియో రేవులో ఐస్‌క్రీం, చీకటిపడే వేళకి ఇల్లు.

పెలాయియా చెల్లెల్ని కిటికీ పక్కన కూర్చోబెట్టింది.

"ఇటు జరుగు మార్థీ. కాస్త గాలి తగులుతుంది."

"ఎక్కడైనా ఒకటేలే అక్కా."

మార్థీ నల్లబట్టల్లో ఇంకా చిక్కిపోయి కనిపించింది. కళ్ల కింద నలుపు చూస్తే ఎవరో బొగ్గుతో రాసినట్టుంది. చలికాలంలో ఆమె భర్త ఆర్గిరిస్ పోయాడు. పేరమా యార్డులో ఓడలకి వెల్డింగు చేసే మనిషి, ఎద్దులాంటివాడు. రాత్రి కడుపునిండా తిని పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. పడుకున్న కాసేపటికే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. మార్థీ మాత్రం తెల్లారేదాకా అతని భుజం మీద చెయ్యేసుకుని ఒళ్లెరగకుండా నిద్రపోయింది.

"శవం మీద చెయ్యేసుకుని పడుకున్నానక్కా. ఒక్కసారి మెలకువొచ్చినా బతికేవాడేమో." ఆ రోజు నుంచీ ఇదే మాట. ఆ రోజు నుంచీ మంచం మీద నడుం వాల్చింది లేదు. కుర్చీలో కూర్చుంటుంది, కునుకు పట్టబోతే ఉలిక్కిపడి లేస్తుంది. మాత్రలు మింగించారు, ఫాదరు దగ్గర నూనె రాయించారు. ఏదీ పని చెయ్యలేదు. కనీసం నాలుగు మొహాలు చూస్తే మనసు మళ్లుతుందని పెలాయియా బలవంతాన ఈ బస్సెక్కించింది.

డ్రైవరు స్టమాటిస్ అద్దానికి వేలాడే సెయింట్ నికొలస్ పటాన్ని ముద్దుపెట్టుకున్నాడు. బస్సు కదలగానే అందరూ శిలువ గుర్తు వేసుకున్నారు. మార్థీ చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది.

మికీనేలో పెద్దగా చెప్పుకోవలసిందేమీ జరగలేదు. సింహద్వారం కింద ఫొటోలు దిగారు, ఎండని తిట్టుకున్నారు. అక్కణ్నించి బస్సు ఆలివ్ తోటల మధ్యగా పైకెక్కి, మలుపులు తిరిగి, పైన్ చెట్ల నీడలో ఆగింది. ఒక కంచె, ఒక గేటు, తాళాలగుత్తి ఆడిస్తూ ఒక కాపలాదారు.

"తొందరగా కానివ్వండి. నడినెత్తికి ఎండొస్తే మూసేసి ఇంటికి పోతాను" అన్నాడతను.

చూస్తే అక్కడున్నది ఎంతో కాదు. విరిగిన స్తంభాలు నాలుగు, ఎండిపోయిన ఊట ఒకటి, దాని వెనక కప్పులేని ఒక పొడవాటి శాల. శాలకి రెండు వైపులా రాతి అరుగులు వరసగా ఉన్నాయి. గైడు థెక్లా గొడుగు ఎత్తిపట్టుకుని ఒక రాయెక్కి నిలబడింది.

"రోగులు ఇక్కడికొచ్చేవాళ్లు. స్నానం చేసి, ఈ శాలలో పడుకునేవాళ్లు. నిద్రలో దేవుడు ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, ఏం కావాలని అడిగి, చేత్తో తాకేవాడట. పొద్దున లేచేసరికి రోగం ఉండేది కాదట."

"మా ఆవిడ గురక కూడా పోతుందామ్మా?" అన్నాడు మాంసం కొట్టు వ్రాసిదాస్.

"ముందు నీ నోరు మూయించమని మొక్కుకో!" అని ఆవిడ అతని వీపు మీద ఒక్కటిచ్చింది. అందరూ నవ్వారు.

ఆ నవ్వుల్లో మార్థీ గొంతు వినిపించింది. పొద్దున్నించి ఆమె అక్కతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు.

"అడిగిందల్లా ఇచ్చేవాడా?"

థెక్లా తిరిగి చూసింది. "ఇచ్చేవాడనే రాళ్ల మీద చెక్కించి పెట్టారమ్మా. అయినా, దొరకనివాళ్లు చెక్కించరు కదా!"

పైన్ చెట్ల కింద గుడ్డలు పరిచి పాలకూర కూరిన రొట్టె ముక్కలు, మాంసం ఉండలు, టమాటాలు బయటకు తీశారు. వైను సీసా చేతులు మారింది. పెలాయియా ఒక పళ్లెంలో చెల్లెలికి వడ్డించి చూస్తే, పక్కన మార్థీ లేదు.

శాలలో ఉంది. కుడివైపు మూడో నాలుగో అరుగు మీద, చేతిసంచి తలకింద పెట్టుకుని, మోకాళ్లు ముడుచుకుని. పెలాయియా పరిగెత్తింది. దగ్గరికెళ్తే... ఊపిరి తీస్తోంది. నిండుగా, నిదానంగా. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది, చిన్నప్పుడు వాళ్ల నాన్న పడవలో తను పడుకున్నట్టే.

నిద్రపోతోంది! పెలాయియాకి ఏడుపు తన్నుకొచ్చింది. పళ్లెం కింద పెట్టి, చెల్లెలి మొహం మీద నీడ పడేలా అడ్డంగా నిలబడింది. మిట్టమధ్యాహ్నం ఊటల దగ్గర, పాడుబడ్డ గుమ్మాల్లో పడుకోకూడదని వాళ్ల అమ్మమ్మ అనేది. ఆ వేళ వేరేవాళ్లదట. అమ్మమ్మ మాటలకేం, మనిషి పడుకుంది, అదే పదివేలు అనుకుంది.

ఎండ తెల్లగా కాస్తోంది. చెట్ల నిండా కీచురాళ్లు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి.

ఉన్నట్టుండి ఆగిపోయాయి.

అన్నీ ఒక్కసారే. చెట్ల కింద వాళ్ల మాటలు కూడా వినిపించలేదు. వాళ్లు కనిపిస్తూనే ఉన్నారు. వ్రాసిదాస్ నోరు కదులుతోంది, చేతులూపి ఏదో చెబుతున్నాడు. చప్పుడు మాత్రం లేదు.

ఆ నిశ్శబ్దంలో ఊపిరి వినిపించింది. మార్థీదే అనుకుంది. కాదు... అవతలి అరుగు మీంచి వస్తోంది. దాని పక్క అరుగు మీంచి కూడా. ఎదురు వరసలో ఎవరో మూలుగుతూ ఒత్తిగిలినట్టయింది. ఒకరు దగ్గారు. శాల ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నిద్రపోయేవాళ్ల ఊపిరి... అరుగులన్నీ ఖాళీ. రాళ్ల మీద ఎండ తప్ప ఏమీ లేదు.

వాసనొచ్చింది. తడిసిన కుక్క వాసన. దాని వెనకే నూతి లోపలి చలువ.

తర్వాత అడుగులు. ఉత్త కాళ్లు రాతి మీద పడే మెత్తని చప్పుడు. రెండడుగులు వేసి ఆగుతోంది. కాసేపు ఏమీ లేదు. మళ్లీ రెండడుగులు, మళ్లీ ఆగడం. ఒక్కొక్క అరుగు దగ్గరా...

ఇటే వస్తోంది.

లేపాలి. చెయ్యి చాచి భుజం కుదిపితే చాలు. పెలాయియా చెయ్యి లేచింది కూడా. కానీ చెల్లెలి మొహం చూసింది. ఎన్నాళ్లకి... ఇంకొక్క నిమిషం పడుకోనిస్తే ఏమవుతుంది?

ఆ ఒక్క నిమిషమే.

అడుగులు పక్క అరుగు దగ్గర ఆగాయి. కదిలాయి. ఇక్కడ ఆగాయి.

మార్థీ నుదుటి మీద పడ్డ జుట్టు పాయ మెల్లగా పక్కకి జరిగింది. గాలి లేదు. వేళ్లతో సర్దినట్టే జరిగింది. నిద్రలోనే ఆమె పెదాలు కదిలాయి. ఎవరితోనో ఏదో చెబుతోంది. చెప్పి, నవ్వింది.

"మార్థీ!"

ఆ కేక ఎలా వచ్చిందో పెలాయియాకే తెలియదు. భుజాలు పట్టుకుని ఊపేసింది. మార్థీ కళ్లు తెరిచింది. కీచురాళ్లు ఒక్కసారి గొల్లుమన్నాయి.

"ఎందుకంత కంగారు?" అంది మార్థీ. లేచి ఒళ్లు విరుచుకుంది. "ఆకలేస్తోంది. ఏం తెచ్చారు తినడానికి?"

ఇంత బాగా తినడం ఈ మధ్య ఎవరూ చూడలేదు. మాంసం ఉండలు తిన్నది, వ్రాసిదాస్ సీసా లాక్కుని తాగింది, అతను వేసిన మోటు జోకుకి కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. ఆడవాళ్లంతా శిలువ గుర్తులు వేసుకున్నారు. "చూశావా, దేవుడెవరైతేనేం, ఫీజు లేకుండా నయం చేశాడు" అంది వ్రాసిదాస్ పెళ్లాం.

పెలాయియా కూడా నవ్వబోయింది. శాలలో విన్నదంతా ఎండదెబ్బ అని తనకి తాను చెప్పుకుంది. కానీ బస్సెక్కేటప్పుడు చెల్లెలి చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. అంత ఎండలో అందరూ చెమటతో తడిసి ముద్దవుతుంటే, మార్థీ మెడ మీద ఒక్క చుక్క లేదు.

కాపలాదారు గేటు తాళం వేశాడు. బస్సు కిందికి దిగి మొదటి మలుపు తిరిగింది. అక్కడ చెట్లు పలచబడి, శాల మొత్తం అరచేతిలో పెట్టినట్టు కనిపించింది. పెలాయియా ఊరికే చెల్లెలి మీదుగా కిటికీలోంచి చూసింది.

అరుగు మీద ఎవరో పడుకుని ఉన్నారు. నల్లబట్టలు. మోకాళ్లు ముడుచుకుని. తలకింద సంచి.

పెలాయియా చూపు మెల్లగా పక్క సీటుకేసి తిప్పింది.

పక్క సీట్లో మార్థీ కూడా అటే చూస్తోంది. పసిపిల్ల ఉయ్యాల వైపు చూసే తల్లిలా చూస్తోంది.

"దాన్ని లేపకు పెలాయియా" అంది రహస్యంగా. "ఎన్నాళ్లకి పడుకుందో."

పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ మార్థీ ఆమెని పేరు పెట్టి పిలవలేదు.

"ఆపు! స్టమాటీ, బస్సాపు!"

ఎవరు ఏమడుగుతున్నా వినకుండా దిగి, ఎత్తు రోడ్డు మీద పరిగెత్తింది. కాపలాదారు మోటారుసైకిలు స్టార్టు చేస్తున్నాడు. "మా చెల్లెలు లోపల ఉండిపోయింది!"

"ఎవరూ లేరమ్మా, నేను మొత్తం తిరిగి..." అంటూనే ఆమె మొహం చూసి తాళం తీశాడు.

మార్థీ అరుగు మీదే ఉంది. ఈసారి కుదిపితే లేవలేదు. చెంప మీద కొట్టింది, పేరు పెట్టి అరిచింది, సీసాలో నీళ్లు మొహం మీద కుమ్మరించింది. చివరికి నీళ్లలోంచి పైకొచ్చినట్టు ఊపిరి ఎగబీల్చి లేచింది. మొహం నిండా చెమట, కళ్ల కింద అదే నలుపు.

"ఎందుకు లేపావక్కా?" వెక్కివెక్కి ఏడ్చింది. "ఆయన్నిమ్మని అడుగుతున్నాను... ఇంకా అడుగుతుంటేనే లేపేశావు."

వేడిగా, చెమటగా, ఏడుస్తూ ఉన్న చెల్లెల్ని పెలాయియా ఒళ్లోకి లాక్కుంది. కాపలాదారు ఆ ఇద్దర్నీ చూసి శిలువ గుర్తు వేసుకున్నాడు.

బస్సెక్కే ముందు పెలాయియా తలుపు కడ్డీ పట్టుకుని కాసేపు నిలబడిపోయింది. తర్వాత ఎక్కి చూసింది. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది.

"ఇక్కడ... ఇక్కడ కూర్చున్నదేది?" అంది.

థెక్లా నవ్వింది. "ఎవరమ్మా? మీ అక్కచెల్లెళ్లు ఇద్దరూ కలిసేగా దిగారు. మీ వెనకాలే ఆవిడా దిగింది, నేను చూశాను. ఏమిటి, ఏమైనా మరిచిపోయారా పైన?"

పెలాయియా తల అడ్డంగా ఊపింది. చెబితే పిచ్చిదంటారు. అదీగాక చెల్లెలు వింటుంది. నాఫ్‌ప్లియోలో అందరూ రేవు మీద ఐస్‌క్రీం తింటుంటే వాళ్లిద్దరూ బస్సులోనే కూర్చున్నారు. ఎక్కేవాళ్లనీ దిగేవాళ్లనీ పెలాయియా ఒక్కొక్కర్నీ మొహంలోకి చూసింది. నల్లబట్టలు కట్టినవాళ్లని రెండుసార్లు చూసింది. దారంతా చెల్లెలి మణికట్టు వదల్లేదు. వెచ్చగా, నాడి కొట్టుకుంటూ ఉంది. పోయినదేదో పోయింది, నాది నాకు దొరికింది అనుకుంది.

నీకియా చేరేసరికి ఇంకా పడమట వెలుగుంది. బాల్కనీల్లో జనం కాళ్లు చాచుకుని కూర్చున్నారు. మార్థీ ఇంటి మెట్ల దగ్గర కింది వాటా డోమ్నా ముసలమ్మ తులసి కుండీకి నీళ్లు పోస్తోంది. వాళ్లని చూసి చెంబు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"అదేమిటే మార్థీ, మళ్లీ ఎప్పుడు బయటికెళ్లావు? ఇందాక తాళంచెవి మర్చిపోయానంటే నా దగ్గరున్నది ఇచ్చాను కదటే?"

మార్థీ అయోమయంగా అక్కకేసి చూసింది. పెలాయియా ముసలమ్మకేసి తిరిగింది.

"ఒక్కతే వచ్చిందా పిన్నీ?"

"ఏమో తల్లీ, నాకు చూపు ఆనదు. మాటలైతే వినిపించాయి." ముసలమ్మ మార్థీ వైపు తిరిగి గొంతు తగ్గించింది. "మనసు కుదుటపడిందిలే అనుకున్నాను. మీ ఆయన పాడే పాత పాటేదో పాడుకుంటూ మెట్లెక్కావు."

"పద, మా ఇంటికి పోదాం" అంది పెలాయియా. మార్థీ అప్పటికే మెట్లెక్కుతోంది. వెనక నుంచి లాగినా ఆగలేదు.

తాళం తిరిగింది. తలుపు బెత్తెడు తెరుచుకుని ఆగిపోయింది. లోపల గొలుసు పెట్టి ఉంది.

ఆ సందులోంచి వాసనొచ్చింది. కాలిన ఇనుము వాసన. ఆర్గిరిస్ పని బట్టలన్నీ పెలాయియానే మూటగట్టి చర్చిలో ఇచ్చేసింది. ఇల్లంతా సున్నం వేయించింది.

"వద్దు మార్థీ... రా... దణ్ణం పెడతాను, రా..."

మార్థీ వినలేదు. తలుపుకి చెంప ఆనించి, గొలుసు కోసం సందులోకి చెయ్యి పెట్టి తడిమింది. మోచేతి దాకా పోయింది చెయ్యి. అక్కడ ఆగింది.

పెలాయియా రెండు చేతులతో ఆమె నడుం పట్టుకుని వెనక్కి లాగింది. రాలేదు. లోపల్నించి ఎవరో ఆ చెయ్యి పట్టుకున్నారు.

మార్థీ మొహం ఇటు తిప్పింది. దానిలో భయం లేదు. కళ్లు నిద్రతో బరువుగా వాలిపోతున్నాయి.

"అక్కా" అంది. "వెచ్చగా ఉంది."