మాంగ్ తెబాన్ పెట్టిన మోడ్

శాన్ పాబ్లోలో, శవజాగరణలు జరిగే హాలుకి రెండిళ్ల అవతల, పాసింగ్ కంప్యూటర్ షాపు ఉంది. అక్కడ బల్ల వెనక మూల కుర్చీలో ఇప్పటికీ ఎవ్వరూ కూర్చోరు. ఆటల పిచ్చిలో మునిగిన కుర్రాళ్లు కూడా దాన్ని దాటేటప్పుడు "తాబి తాబి పో" అంటారు... అంటే, కాస్త తప్పుకోండి స్వామీ అని.

ఎందుకో చెప్తాను. నేను విన్నదే.

ఆ కుర్చీ పన్నెండేళ్లు తెబాన్‌ది. పెద్దాయన కాబట్టి అంతా మాంగ్ తెబాన్ అనేవారు. ఏ మెషిన్ మొండికేసినా, ఆయన మొదట డబ్బా విప్పి లోపలి బిళ్ల బ్యాటరీ చూసేవాడు. కొత్తది వేస్తే దాని మీద నల్ల మార్కర్‌తో ఆ రోజు తేదీ రాసేవాడు.

"తాతా, మీకు జ్వరమొచ్చినా ముందు బ్యాటరీయే చూసుకుంటారా?" అంది ఓరోజు ఒడెట్. వీడియోలు చూసి పని నేర్చుకుని, షాపులో కొత్తగా చేరిన పిల్ల. షాపంతా ఘొల్లుమంది.

అక్కడితో ఆగితే బాగుండేది. షాపు మొత్తాన్ని నడిపే పెద్ద మెషిన్‌ని తెబాన్ ఇంకా పాత మోడ్‌లోనే ఉంచాడని యజమాని పాసింగ్‌కి చెప్పింది. "డిస్కు, బోర్డు మాట్లాడుకునే తీరు అది అక్కా. ఈయన వాటిని ఎడ్లబండి మీద తిప్పుతున్నాడు!"

నెల తిరక్కుండా ఆ కుర్చీ ఒడెట్‌కి వచ్చింది.

వెళ్లేరోజు తెబాన్ మెల్లగా అన్నాడట — "నవ్వు పిల్లా, నవ్వు. నా మోడ్ మీద చెయ్యి వేసిన నాడు... నీతో మాట్లాడతాను."

రెండు నెలలకి పోయాడు.

ఒడెట్ జాగరణకి వెళ్లింది. బిస్కెట్లు తింది, కాఫీ తాగింది, శవపేటిక వైపు మాత్రం చూడలేదు. తిన్నగా ఇంటికెళ్తే చచ్చినవాడు వెంట వస్తాడని అందరిలాగే దారిలో ఒకచోట ఆగింది. షాపులో! ఆగిందిగా, ఊరుకోవచ్చుగా? అడ్డుచెప్పేవాడు లేడని మోడ్ మార్చేసింది. సేఫ్ మోడ్‌లో తెరిచి, కొత్త డ్రైవర్ ఎక్కించింది. మెషిన్ గుర్రంలా పరిగెత్తింది.

పొద్దున్నే — నీలం తెర. మెషిన్ లేవనంది.

లోపలికెళ్లి చూస్తే సెట్టింగ్ మళ్లీ పాత మోడ్‌కి వచ్చేసి ఉంది. మార్చింది. నడిచింది. మర్నాడు నీలం తెర. ఆ మర్నాడూ అంతే.

"రేపు కూడా ఇదే అయితే," అంది పాసింగ్, "నువ్వూ తెబాన్ వెళ్లిన దారే పట్టు. షాపు మూసుకోలేను."

ఆ సాయంత్రం వాన. ఇద్దరే ఉన్నారు. ఉరిమిందని పాసింగ్ మెయిన్ స్విచ్ దించి మళ్లీ ఎత్తింది. నీలం తెర!

ఒడెట్ సెట్టింగ్స్ తెరిచింది. పాత మోడ్. ఈసారి పైన గడియారం కూడా కంటపడింది.

జనవరి ఒకటి, 2012.

"అక్కా..." తెర మీద వేలు పెట్టింది. "ఈ తేదీ ఏంటి?"

పాసింగ్ మొహం పాలిపోయింది. "తెబాన్ నా దగ్గర చేరిన ఏడాది." గుసగుసగా అడిగింది — "జాగరణ నుంచి వస్తూ నువ్వు ఎక్కడ ఆగావే?"

"ఇక్కడే."

"ఓసి పిచ్చిదానా! దారి తప్పించాల్సిన మనిషిని తెచ్చి ఆయన కుర్చీలోనే కూర్చోబెట్టావా?"

వెనక కుర్చీ కిర్రుమంది.

ఒడెట్ ఒళ్లంతా చెమట. కానీ ఆ పిల్ల భయంలోనూ ఆలోచించే రకం. కరెంటు పోగానే తేదీ మరిచిపోవడం... మోడ్ మరిచిపోవడం... రోజూ రాత్రి మెయిన్ స్విచ్ దించేది పాసింగే కదా! కరెంటు లేనప్పుడు అవి గుర్తుంచుకోవాల్సింది ఆ బిళ్ల బ్యాటరీయే!

స్క్రూలు విప్పింది. బిళ్ల బ్యాటరీ లాగి మీటర్ పెట్టింది. చచ్చి ఎన్నాళ్లయిందో! దాని మీద మార్కర్ రాత — తెబాన్ పని మానేసి వెళ్లిన రోజు తేదీ. కింద చిన్న అక్షరాలు:

"ఇప్పుడు నవ్వు."

"ముసలాడు!" ఒడెట్ నిజంగానే నవ్వింది. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "పోతూ పోతూ కావాలనే చచ్చిన బ్యాటరీ పెట్టిపోయాడక్కా! దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు!"

పాసింగ్ గుండె మీద చెయ్యేసుకుని కూలబడింది. "కొత్తది ఆయన డ్రాయర్లో ఉంటుంది చూడు. నువ్వింకా తియ్యలేదుగా."

తీసింది. దుమ్ము పట్టిన పెట్టెలో ఒకే ఒక్క బ్యాటరీ. సీలు విప్పని ప్యాకెట్ లోపల, మెరిసే బిళ్ల మీద, అదే నల్ల మార్కర్, అదే వంకర రాత.

తేదీ చదివి ఒడెట్ నవ్వు ఆపేసింది.

అది... సరిగ్గా ఆ వాన రోజుదే.