సంగటి కెలికేదాకా

గుండమ్మ మూడో రోజు కూడా సంగటి ముద్దను పక్కకు నెట్టేసింది!

నెట్టేసి గోడవైపు తిరిగి కూర్చుంది. కోడలు ఓబమ్మ పులుసు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాగలమడిక సత్రంలో పదకొండు మంది ముసలివాళ్ళకు రెండు పూటలా వండి వడ్డించే మనిషి ఆమె. మిగతా పదిమందీ ఆమె చేతివంటను బోసినోళ్ళతో లొట్టలేసుకుంటూ తింటున్నారు. సొంత అత్త మాత్రం ముద్ద ముట్టడం లేదు. ఒక ఆడమనిషి కుమిలిపోవడానికి ఇంతకంటే ఏం కావాలి...

ఓబమ్మ భర్త కాటప్ప పోయి ఏడాది. అంతకు ముందే రోగం తగిలి వాళ్ళ గొర్రెల మంద మొత్తం ఏటి ఒడ్డున రాలిపోయింది. పుట్టింటివాళ్ళు వచ్చి రమ్మంటే, అత్తను ఎవరికి వదిలిపెట్టి రావాలని ఓబమ్మ కదల్లేదు. అత్తను వెంటబెట్టుకుని ఈ సత్రంలో వంటకు చేరింది. ఇద్దరికీ ఇక్కడే తిండి, ఇక్కడే పడక. మందలు మేపిన ఇంటి పెద్దదాన్ని తెచ్చి సత్రం కూడుకు పాలు చేసినందుకే అత్త తనమీద అలిగిందని ఓబమ్మ నమ్మకం. ఆ దిగులుతో తనకూ ముద్ద దిగడం లేదు.

సత్రం కట్టించిన జయలక్ష్మమ్మ పెద్ద రైతు ఇంటి ఇల్లాలు, మనసు వెన్న. ఆమెకున్న భయం ఒక్కటే. ముసలివాళ్ళకు పిడికెడు కూడు పెట్టి చాకిరీ చేయించుకుంటోందని ఎవరైనా అంటే, ఆ మాట పావగడలో తాలూకా చూసే అమల్దారుగారి చెవిన పడితే! అందుకని అక్కడ ఎవరూ పుల్ల ముట్టకూడదు, చీపురు పట్టకూడదు. పదకొండు మందీ వసారాలో వరసగా కూర్చుని ఎదుటి గోడను చూడాలి. సాయంకాలం కాలక్షేపానికి ఒక అయ్యవారిని కుదిర్చింది. ఆయన రోజూ వచ్చి యమలోకంలో ఏ పాపానికి ఏ శిక్షో విడమరచి చెప్పేవాడు. కాటికి కాళ్ళు చాచుకున్నవాళ్ళను హుషారు చేయడానికి ఇంతకంటే మంచి ఉపాయం ఎవరికి తోస్తుంది చెప్పండి! ఒకప్పుడు వీధినాటకాల్లో భీముడి వేషం కట్టిన సంజీవప్ప, ఈ వారంలో తనను నూనెలో నాలుగుసార్లు వేయించినారని అందరితో చెప్పుకుని వాపోయాడు.

గుండమ్మకు ఇంకో బాధ కూడా ఉంది. కూర్చున్నంతసేపూ ఆమె కుడిచేతి బొటనవేలూ పక్కవేళ్ళూ ఒకదానితో ఒకటి రాసుకుంటూ ఉండేవి. వైద్యుడు చూసి వాతం అన్నాడు. జయలక్ష్మమ్మ నూనె పంపింది. ఓబమ్మ పొద్దున్నే లేచి అత్త వేళ్ళకు మర్దన చేసేది. విచిత్రం, నూనె పట్టించేకొద్దీ వేళ్ళు ఇంకా జోరుగా ఆడేవి!

మూడో రోజు ముద్ద కూడా వెనక్కి వచ్చాక ఓబమ్మ తెగించింది. కొలువు పోతే పోనీ, కూలిపోయిన గుడిసెకైనా అత్తను తీసుకుని వెళ్ళిపోదామనుకుంది. కళ్ళు తుడుచుకుంటూ మూట విప్పి సర్దబోతే అడుగున చేతికి తగిలింది... కదురు!

మామ తుమ్మ చేవతో చెక్కిన కదురు అది. కొత్తకోడలు గడప దాటగానే అత్త తన కదురు ఆమె చేతిలో పెట్టడం వాళ్ళ ఇంటి ఆచారం. ఆ తర్వాత అత్త ఉన్ని వడకదు. కదురు తిరిగి అడిగితే కోడలు పనికిరానిదని నలుగురిలో చెప్పినట్టే. ప్రాణం పోయినా గుండమ్మ ఆ పని చేయదు. మంద పోయాక, మనిషీ పోయాక, చూస్తే ఏడుపు వస్తోందని ఓబమ్మే దాన్ని మూట అడుగున దాచేసింది. ఇంట్లో ఉన్నప్పుడు కోడలు వడుకుతుంటే చూస్తూ ఉన్ని సవరించి అందించేది గుండమ్మ. ఇప్పుడు ఆ చూపుకూ కరువే.

ఓబమ్మ తల తిప్పి అత్త చేతివేళ్ళ వైపు చూసింది. రాసుకుంటున్నాయి, ఆగుతున్నాయి, మళ్ళీ రాసుకుంటున్నాయి. వాతమా నా మొహమా! ఆ వేళ్ళు దారం పేనుతున్నాయి! ఇన్నాళ్ళూ తను వాటికి నూనె రాస్తూ కూర్చుంది!

ఒక్క పరుగున ఏటి పక్కన కంబళ్ళు నేసే మారన్న ఇంటికి వెళ్ళి గంపెడు ఉన్ని అడిగి తెచ్చింది. గంపను అత్త ముందు పెట్టి కదురు చాపింది.

"అత్తా, పొయ్యి మీద ఎసరు మరుగుతా ఉండాది. ఇది రవ్వంత పట్టుకో, నేను సంగటి కెలికేదాకా."

గుండమ్మ కదురును చూసింది, కోడలిని చూసింది. "ఇచ్చినదాన్ని ఎనక్కి తీసుకుంటారా యాడన్నా?"

"ఎవురిచ్చినారత్తా? పట్టుకోమన్నా, అంతే."

లోపలికి వెళ్ళి సంగటి కెలుకుతుంటే ఓబమ్మ కన్నీళ్ళు జలజలా రాలాయి. తలుపు సందులోంచి తొంగి చూస్తే అత్త చేతిలో కదురు గిర్రున తిరుగుతోంది. ఆ పూట గుండమ్మ ముద్దంతా తిని, ఇంకో గరిటె పులుసు వేయించుకుని, ఉప్పు తక్కువైందని కోడలిని కసురుకుంది. ఆ కసురు ఓబమ్మకు అక్షింతలు చల్లినంత హాయిగా ఉంది!

మరునాడు ఎల్లక్క అనే ముసలామె ఉన్ని చిక్కు తీయడానికి వచ్చి కూర్చుంది. గద తిప్పిన చేతులు ఊరికే ఉండవని సంజీవప్ప దారం ఉండలు చుడుతూ భీముడి పద్యాలు ఎత్తుకున్నాడు. మిగిలిన మగవాళ్ళు బండమీద బొగ్గుతో గీతలు గీసి పులిజూదానికి దిగారు. అయ్యవారిని యమలోకం చాలించి సీతమ్మ పెళ్ళి చెప్పమన్నారు. ఆయనకూ ఆ పాపాలు విసుగు పుట్టాయేమో, మంగళసూత్రం కట్టేవేళ తనే నోటితో మేళం వాయించాడు!

ఇలా సాగుతుండగా ఒకనాడు జయలక్ష్మమ్మ చెప్పాపెట్టకుండా బండి దిగింది. వసారా చూసి ఆమె మొహం ఎర్రబడింది. తన సత్రంలో ముసలివాళ్ళు కూలి చేస్తున్నారని ఊరంతా చెప్పుకోవాలా అని ఓబమ్మను నిలదీసింది. ఓబమ్మ గబగబా ఉన్ని గంపను వెనక్కి లాగింది. ఉన్న ఒక్క నీడ కూడా పోయిందే...

గుండమ్మ మాత్రం కదురు ఆపలేదు. "కూలి యాడిదమ్మా? సంగటి కెలికేదాకా పట్టుకోమనింది మా కోడలు. పట్టుకోనుండా."

"ఎన్ని దినాలాయ పట్టుకుని?"

"ఇరవై."

"ఇరవై దినాల నుంచి సంగటి కెలుకుతానే ఉండాదా?"

"మా కోడలు నిదానం మనిషమ్మా."

జయలక్ష్మమ్మ నవ్వు ఆపుకోలేక స్తంభం పట్టుకుంది. నవ్వి నవ్వి కళ్ళు ఒత్తుకుని, చాపమీద కూలబడి, తననూ ఒకసారి పట్టుకోనిమ్మంది. ఆమె తిప్పగానే దారం పుటుక్కున తెగింది. వసారా అంతా గొల్లున నవ్వింది.

చలికాలానికి మారన్న ఆ దారంతో మొదటి కంబళి నేసి తెచ్చాడు. జయలక్ష్మమ్మకే ఇస్తారని అందరూ అనుకున్నారు, ఆమె కూడా అదే అనుకుని చేయి చాపబోయింది. గుండమ్మ లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ నడిచి, కంబళిని ఓబమ్మ భుజాల చుట్టూ కప్పింది.

"నాకెందుకత్తా ఇది..." ఓబమ్మ కళ్ళనీళ్ళతో కంబళి తీయబోయింది.

"నా కొడుకు పోయినంక కూడా నన్నిడిచి పోలేదు నువ్వు. అది నేను చూడలేదనుకుంటివా?" గుండమ్మ కోడలి చెంప తుడిచింది. "ఇచ్చినాననుకోబాకు. కప్పుకోనుండు, నేను సంగటి తినేదాకా."

జయలక్ష్మమ్మ చాపిన చేయి వెనక్కి తీసుకుని ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. గుండమ్మ ముద్ద ముందేసుకుని చిటికెడంత తుంచి, పులుసులో అద్ది, తీరిగ్గా నమలసాగింది. పొద్దు వాలింది, అయ్యవారు వచ్చి పెళ్ళి మొదలుపెట్టాడు, అయినా ఆమె సంగటి తినడం ఇంకా పూర్తి కాలేదు.