వంతెన మీద మాటలు

"సార్, నత్తని మార్చెయ్యండి సార్," అంది మెరుపు.

మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టి కాసేపయింది. ఆటల గదిలో గాలి పోయిన బంతులు ఒక మూల, కర్రలు ఒక మూల. డ్రిల్లు మాస్టారు స్టూలు మీద కూర్చుని తెగిన వాలీబాల్ వలకి ముడులు వేస్తున్నారు. తల ఎత్తలేదు.

"ఎందుకమ్మా?"

"వాడు మెల్లిగా పరిగెత్తుతాడు సార్. జట్టుకి ముగ్గురం. ఆఖర్న వచ్చినవాళ్ల టైమే జట్టు టైము అన్నారు కదా. మేమిద్దరం ఎంత పరిగెత్తితే ఏం లాభం? వాడి వల్ల అంతా నీళ్లపాలు."

"వాడి బదులు ఎవర్ని పెట్టమంటావ్?"

"పొడుగోణ్ణి సార్. కాళ్లు ఇంతింత ఉంటాయి!"

మాస్టారు దారాన్ని పళ్లతో తెంపారు. "పొడుగోడు ప్రాక్టీసుకి ఎన్నిసార్లు వచ్చాడు?"

మెరుపు గాలి పోయిన బంతి ఒకదాన్ని కాలితో నొక్కింది.

"నత్త ఎన్నిసార్లు మానాడు?"

మెరుపు బంతిని ఇంకా గట్టిగా నొక్కింది.

"వెళ్లి నీళ్లు తాగి క్లాసుకి పో."

మెరుపు వెనక్కి తిరిగింది. గుమ్మంలో నత్త నిలబడి ఉన్నాడు. చేతుల నిండా స్కిప్పింగ్ తాళ్లు. "సార్, తాళ్లు," అని ఒక మూల పెట్టి వెళ్లిపోయాడు. వాడి ముఖం ఎప్పటిలాగే ఉంది. విన్నాడో లేదో తెలియలేదు. వినలేదులే అనుకుంది మెరుపు. అలా అనుకుంటే హాయిగా ఉంది మరి.

మెరుపుకి ఆ పేరు ఊరికే రాలేదు. చిన్న పరుగు పందెంలో ఆ పిల్లని పట్టుకున్నవాళ్లు స్కూల్లో లేరు. రెండో అమ్మాయి రేడియో. నిద్రలో తప్ప నోరు మూతపడదు. ఇక నత్త. రెండో తరగతిలో ఎవరో వెక్కిరించడానికి పెట్టిన పేరది. వాడేమో దాన్ని కొత్త చొక్కాలా తొడుక్కుని తిరుగుతాడు. "నత్త కాలు జారి పడ్డం ఎప్పుడైనా చూశారా?" అంటాడు.

దూరం పందెంలో వాళ్ల స్కూలు పాల్గొనడం ఇదే మొదటిసారి. ముగ్గురూ అంత దూరం ఎన్నడూ పరిగెత్తలేదు. మాస్టారు వాళ్లకి ఒక పద్ధతి నేర్పారు. పరిగెత్తుతూ మాట్లాడుకోవాలి. ఒకరు ప్రశ్న అడగాలి, ఇంకొకరు పూర్తి వాక్యంలో జవాబు చెప్పాలి. ఊ అంటే కుదరదు, ఆఁ అంటే కుదరదు. "మాట తెగిందా, అడుగు తగ్గించండి. మాట సాగిందా, అడుగు పెంచండి. అంతే," అన్నారాయన.

అలా రోజూ పొద్దున్నే బస్సు డిపో గోడ చుట్టూ పరిగెత్తేవాళ్లు. రేడియో వాళ్లింట్లో బామ్మకీ బాబాయికీ టీవీ రిమోటు కోసం జరిగే యుద్ధం చెప్పేది. నత్త పిచ్చి ప్రశ్నలు అడిగేవాడు. "ఏనుక్కి జలుబు చేస్తే చీదేదెలా?"

మెరుపుకి తల బద్దలయ్యేట్టుండేది. "పరుగుకి వచ్చామా, కబుర్లకి వచ్చామా?" అని విసుక్కునేది.

ఆ రోజు రాత్రి, తెల్లారితే పందెం అనగా, అమ్మ జడ వేస్తూ ఒక సంగతి చెప్పింది. అమ్మ పెద్ద లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. "మీరు మా లాండ్రీ ముందునుంచే వెళ్తారటే. మా వాళ్లందరికీ చెప్పేశాను. మా అమ్మాయిని చూద్దురు గాని రండని."

ఆ మాటతో మెరుపు ఒకటి తీర్మానించుకుంది. లాండ్రీ దగ్గరికి అందరికన్నా ముందు తనే రావాలి.

తెల్లారింది. స్టేడియం గేటు ముందు చాలా స్కూళ్ల పిల్లలు చేరారు. కొందరు కాళ్లు చాపి వంగుతున్నారు, కొందరు నిలబడ్డ చోటే గెంతుతున్నారు. రేడియో అప్పుడే పక్క స్కూలు వాళ్లతో చుట్టరికం కలిపేసింది. నత్త బూటు తాడు ముడి వేసుకుని, విప్పి, మళ్లీ వేసుకున్నాడు.

మాస్టారు ముగ్గుర్నీ దగ్గరికి పిలిచారు. "ఒకరు ఆగిపోయినా జట్టు పోయినట్టే. గుర్తుంది కదా? మాట్లాడుకుంటూ వెళ్లి, మాట్లాడుకుంటూ రండి."

విజిల్ మోగింది.

"ఏమే, బామ్మ నిన్న రిమోటు ఎక్కడ దాచిందో తెలుసా?" అంది రేడియో.

జవాబు చెప్పడానికి పక్కన మెరుపు లేదు. అప్పటికే గుంపుని చీల్చుకుని ముందుకి దూసుకుపోయింది. గాలి చెవుల్లో హోరుమంటోంది. ఒక్కొక్కర్నీ దాటుతోంది. దాటిన ప్రతిసారీ కాళ్లకి రెక్కలు మొలిచినట్టుంది.

లాండ్రీ వీధి వచ్చింది. గుమ్మం బయట ఆడవాళ్లూ మగవాళ్లూ నిలబడి ఉన్నారు. అమ్మ చేతిలో సగం ఇస్త్రీ చేసిన దుప్పటి అలాగే ఉంది.

"అదిగో! అదే మా పిల్ల! అందరికన్నా ముందుంది!"

చప్పట్లు. ఈలలు. ఎవరో తువ్వాలు ఊపారు. మెరుపు ఇంకొంచెం వేగం పెంచింది, ఉన్నదంతా ఊడ్చి పెట్టేసింది.

వీధి మలుపు తిరిగింది. చప్పట్లు వెనక ఉండిపోయాయి. ఎదురుగా వంతెన, పైకి పైపైకి పోతున్న రోడ్డు.

సగం ఎక్కేసరికి డొక్కలో ఎవరో సూది పెట్టి పొడిచినట్టయింది. తర్వాత సూది కాస్తా మేకు అయింది. గొంతు ఎండిపోయింది. ఇందాక దాటినవాళ్లు ఇప్పుడు తనని దాటుతున్నారు. ఒకరు, ఇద్దరు, ఒక గుంపు. మెరుపు ఆగి వంతెన రెయిలింగు పట్టుకుంది. కింద లారీలు పోతున్నాయి. వాటిని చూస్తే కళ్లు తిరిగాయి.

పందెం పిల్లలకి నీళ్లిచ్చే బల్ల దగ్గరున్న టోపీ పెద్దాయన దగ్గరికి వచ్చాడు. "బాగోలేదా పాపా? కూర్చో తల్లీ. వెనక వ్యాను వస్తోంది, ఎక్కి వెళ్లిపోవచ్చు."

కూర్చోవాలని ప్రాణం లాగేస్తోంది. కూర్చుంటే జట్టు పోయినట్టే. నత్త వల్ల పోతుందనుకున్న జట్టు. మెరుపుకి ఏడుపు వచ్చింది. రెయిలింగు పట్టుకునే కిందికి వంగింది.

అప్పుడు, మనిషికన్నా ముందు గొంతు వినిపించింది.

"...అప్పుడు బామ్మేమో బియ్యం డబ్బాలో పెట్టిందిరా! బాబాయి ఇల్లంతా వెతికి... ఒరేయ్, అది మెరుపు కాదూ?"

దాటిపోతారు, పోవాల్సిందే అనుకుంది మెరుపు. ఏ ముఖం పెట్టుకుని ఆగమంటుంది?

నత్త ఆగాడు. రొప్పడం లేదు. ముఖమంతా చెమట, అంతే. డిపో గోడ చుట్టూ ఎలా ఉండేవాడో అలాగే ఉన్నాడు.

"కూర్చోకు," అన్నాడు. "కూర్చుంటే మళ్లీ లేవబుద్ధి కాదు. నడు."

"మీరు... పొండి..."

"పోతే ఇద్దరమే అవుతాం. జట్టుకి ముగ్గురు కావాలి," అంది రేడియో. "లెక్కల్లో నాకన్నా నీకే మార్కులెక్కువ కదే?"

చెరో పక్క నడిచారు. ఎత్తు దాటేదాకా నడకే. పక్కనించి జట్లకి జట్లు పోతున్నాయి. నత్త ఒక్కసారి కూడా వాళ్లవైపు చూడలేదు. నడక మెల్లిగా పరుగయింది.

"ప్రశ్న అడగనా?" అన్నాడు నత్త.

మెరుపు తల ఊపింది.

"నిన్న సార్‌ని నా బదులు ఎవర్ని పెట్టమన్నావ్?"

మెరుపు అడుగు తడబడింది. పక్కన రేడియో ఎప్పుడూ లేనిది నోరు మూసుకుంది.

"పొడుగోణ్ణి," అంది మెరుపు, వినీ వినపడకుండా.

"పూర్తి వాక్యంలో చెప్పాలి."

మెరుపు ఊపిరి తీసుకుంది. "నీ బదులు... పొడుగోణ్ణి పెట్టమని... సార్‌ని అడిగాను." ఇంకొన్ని అడుగులు వేసింది. "అలా అడగడం నాదే తప్పు. నువ్వు విన్నావేమోనని నిన్నటినుంచీ భయంగా ఉంది."

నత్తకి బాధ లేదని కాదు. చెవులు ఎర్రబడ్డాయి. కానీ అడుగు మాత్రం ఎక్కడా తప్పలేదు.

"నాకు నిన్న ఇంటికెళ్లాక కోపం వచ్చింది," అన్నాడు. "రెండు రొట్టెలు ఎక్కువ తిన్నా." తర్వాత మెరుపు వైపు చూశాడు. "ఇప్పుడు నీ మాట తెగట్లేదు. పద, కొంచెం పెంచుదాం."

అంత పెద్ద మాట అంత తేలిగ్గా ఎలా తేల్చేశాడో మెరుపుకి అర్థం కాలేదు. వాడి కాళ్లనే చూస్తూ పరిగెత్తింది. ఎక్కడా తొందర లేదు, ఎక్కడా ఆగడం లేదు. వంతెన దిగారు, గోదాముల వీధి దాటారు, రైలు గేటు పక్కనించి తిరిగారు. ఇందాక ఉరికినవాళ్లు ఇప్పుడు దారి పక్కన నడుం పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్లని ఒక్కొక్కర్నీ దాటుతున్నా నత్త గర్వంగా చూడలేదు. "నడు అన్నా, కూర్చోకు," అని ఒక పెద్ద కుర్రాడికి కూడా చెప్పి పోయాడు.

స్టేడియం వచ్చింది. లోపల ఒక్క చుట్టు మిగిలింది. వాళ్ల స్కూలు పిల్లలు మెట్ల మీదినుంచి అరుస్తున్నారు. "మెరుపూ! మెరుపూ! లాగించు!"

మెరుపు కాళ్లలోకి బలం తిరిగి వచ్చింది. తనకే తెలుస్తోంది. ఎదురుగా పరుగెత్తుతున్న ముగ్గురు నలుగుర్ని రెప్పపాటులో దాటేయగలదు. నత్తకి మాత్రం ఇప్పుడే ఆయాసం మొదలయింది. బుగ్గలు ఉబ్బుతున్నాయి.

"నువ్వు వెళ్లు," అన్నాడు వాడు. "నీకు... ఊపిరుంది కదా."

"పూర్తి వాక్యమే కానీ మధ్యలో తెగింది," అంది మెరుపు. "నువ్వు ముందుండు. నీ వెనకే వస్తా. ఆగావో, తోసేస్తా."

"ఇది తోసిందంటే మనం స్టేడియం అవతల పడతాం!" అంది రేడియో.

నత్తకి నవ్వొచ్చింది. నవ్వుతూనే పరిగెత్తాడు. మెట్ల మీద అరుపులు ఇంకా మెరుపు పేరే పిలుస్తున్నాయి. మెరుపు అటు చూడలేదు. నత్త మడమలు చూసుకుంటూ, వాటి వేగానికి తన అడుగు కలుపుకుంటూ వచ్చింది. ముందు రేడియో గీత దాటింది. తర్వాత నత్త. ఆ తర్వాత మెరుపు.

ముగ్గురూ గడ్డిలో కూలబడ్డారు. డ్రిల్లు మాస్టారు ముగ్గురి తలల మీదా తలో చెంబు నీళ్లు పోశారు.

ఇంతలో మెడలో స్టాప్‌వాచీ వేలాడుతున్న టీచరొకావిడ వచ్చింది.

"ముగ్గురూ వచ్చేశారా? శభాష్. మీ జట్టులో ఆఖర్న వచ్చింది ఎవరు?"

నత్త అలవాటు కొద్దీ చెయ్యి పైకి లేపబోయాడు.

మెరుపు ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించేసింది. లేచి నిలబడి, తన చెయ్యి పైకెత్తింది.

"నేనండీ!"