మామిడి గదిలోకి సిగ్నల్ రాదు

కొత్తపేట పండ్ల మార్కెట్ తరలిపోయాక, వెనక సందులో ఒక కోల్డ్ స్టోరేజీ గది ఖాళీగా పడి ఉంది. నాలుగు వైపులా ఇనుప రేకు, తలుపు అంచులకు రబ్బరు పట్టీ. ఎన్నిసార్లు కడిగినా మగ్గిన మామిడిపళ్ల వాసన పోదు. దాన్ని కిరాయికి తీసుకున్నందుకు ఆనంద్ కుమార్‌ను చుట్టుపక్కలవాళ్లు పిచ్చివాడి కింద జమకట్టారు. వాళ్లకేం తెలుసు? అతనికి కావలసిందే సిగ్నల్ చొరబడని గది.

లాప్‌టాప్‌లోని వైఫై కార్డును నడిపేందుకు దాని లోపలే ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది. ఎక్కడెక్కడివాళ్లో కలిసి ఊరికే రాసి, ఎవరైనా వాడుకోండని వదిలేసిన అలాంటి ప్రోగ్రాం మీద మోయలేనంత బరువు మోపి, ఎక్కడ కూలబడుతుందో చూడటం ఆనంద్ పని. బయటి ఫోన్ల గోల లోపలికొస్తే పరీక్ష చెడిపోతుంది. అందుకే ఫోన్లు తలుపు బయట గూట్లో పెట్టి రావాలి. ఆ నియమం అతను పెట్టిందే.

ఆ నియమమే కొంప ముంచింది. పోయిన వానాకాలం, మూసారాంబాగ్ వంతెన దగ్గర మూసీ నీళ్లు పెరిగిన రోజు, వచ్చి తీసుకుపొమ్మని చెల్లెలు జోస్నా పదకొండుసార్లు ఫోన్ చేసింది. సాయంత్రం అతను బయటికొచ్చి చూసేసరికి అంతా అయిపోయింది. మూడో రోజు శవం దొరికింది. ఫోన్ దొరకలేదు. వాళ్లమ్మ ఎల్లమ్మ అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అతనికి ఇప్పటికీ అనిపిస్తుంది.

ఏడాది తిరిగింది. మళ్లీ ముసురు. సోమవారం మధ్యాహ్నం గదిలో ఆనంద్, అతనితో పనిచేసే బిందుమాధవి ఉన్నారు. ఆ రోజు కార్డు ఒకేసారి రెండు వందల వైఫై పేర్లు చాటాలి. ఏ ఫోన్ ఏ పేరును వెతుక్కుంటూ వచ్చినా ‘నేనే, రా’ అని పలకాలి. రెండు వందల పేర్లు రాయడమంటే మాటలా! టిఫిన్ సెంటర్లు, బస్టాపులు, కాలనీలు అన్నీ అయిపోయాక, చివరి పేరు దగ్గర అతని చేయి తనంతట తానే ‘జోస్నా రూమ్’ అని కొట్టింది. ఇంట్లో వైఫైకి ఆ పిల్ల పెట్టుకున్న పేరది. ఆమె పోయాక, చూడలేక ఆనందే మార్చేశాడు.

రెండున్నరకు తెర మీద కొత్త వరుస ఒకటి వచ్చింది. ఏదో ఫోన్ ‘జోస్నా రూమ్’ కోసం వెతుకుతోంది. పక్కన తొంభై అనే అంకె. ఆ అంకె ఎంత తగ్గితే ఫోన్ అంత దగ్గరికొచ్చినట్టు.

"ఆనంద్ గారూ, మీ ఫోను గానీ లోపలికి తెచ్చారా?"

"లేదు... బయటనే ఉన్నది."

అతను ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య చూశాడు. ఒకప్పుడు తను వాడి, చెల్లెలికిచ్చిన పాత ఫోన్. ఆ సంఖ్య అతనికి ఇంటి నంబరులా నోటికొచ్చు.

ఎనభై రెండు.

మామిడి వాసన ఎప్పుడు పోయిందో తెలియలేదు. దాని చోట బురద కంపు... మూసీ కంపు.

డెబ్బై.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల? నేను ప్లగ్గు పీకేస్తానండీ," బిందు చేయి చాపింది.

ఆనంద్ ఆ చేయి పట్టుకున్నాడు. "వద్దు బిందూ... ఆ దినం ఎత్తలే. ఇయ్యాలన్న ఎత్తనీ. ఇంటికి తోలుకపోత."

యాభై... ముప్పై...

తలుపు మూసే ఉంది. అయినా ఇనుప నేల మీద తడి చెప్పుల చప్పుడు. ఒకటి... ఆగి, ఇంకొకటి. ఏడాదిగా ప్రార్థనలో అతను అడిగింది ఇదే. ఒక్కసారి మళ్లీ పిలవనీ, పలుకుతానని.

పది.

సున్నా.

సున్నా అంటే, కార్డు మీద చేయి ఆనించినట్టు.

చెవి పక్కన చల్లగా... "అన్నా..."

చెల్లెలి గొంతే. అనుమానమే లేదు. అయినా ఆనంద్ పరుగెత్తాడు. బిందును లాక్కుని బయటపడి, తలుపు ధడాలున మూసి గడియ వేశాడు.

బయట సన్నగా వాన. సందు మొదట్లో ఎవరో మొక్కజొన్న కంకులు కాలుస్తున్నారు. గూట్లో అతని ఫోన్ మోగుతోంది. అమ్మ.

"బిడ్డా..." ఎల్లమ్మ గబగబా చెప్పుకుపోయింది. "జోస్నా నంబరుకెల్లి ఫోనొచ్చిందిరా... అన్న దగ్గరికొచ్చిన్నమ్మా అన్నది. నన్ను గదిల పెట్టి గడియేసిండు, తియ్యుమని చెప్పమన్నది... జర తియ్యి బిడ్డా..."

లోపలినుంచి తలుపు మీద ఒక దెబ్బ పడింది.

ఆనంద్ గడియ మీద చేయి వేశాడు. దెబ్బలు రెండు... మూడు... చేయి కదల్లేదు. ఎత్తుకుని పెంచిన చెల్లెలంటే భయం. అంత సిగ్గు అతను జన్మలో ఎరగడు. ఏడు... ఎనిమిది... బిందు ఏడుస్తోంది. ఫోన్లో అమ్మ బతిమాలుతూనే ఉంది.

పదకొండు. అక్కడితో ఆగిపోయింది. ఇక ఎంతసేపు నిలబడినా లోపల చప్పుడు లేదు.

గాలి కూడా దూరని ఆ రబ్బరు పట్టీ కిందినుంచి బురద నీళ్లు సన్నగా పారి, అతని కాలివేళ్లను తాకాయి.

నీళ్లు కన్నీళ్లలా వెచ్చగా ఉన్నాయి.