డేగ కోసం వచ్చినవాడు

"ఏయ్, గోడ మీద మనిషీ! ఎవర్నండీ ఫొటో తీస్తున్నారు?"

మోహిదిల్ చేతిలో చీపురుంది. మట్టిగోడెక్కి కూర్చున్న ఇల్హోమ్ చేతిలో మూరెడు లెన్సున్న కెమెరా ఉంది.

"మిమ్మల్ని కాదండీ! మీ వెనక దానిమ్మ చెట్టు మీద డేగ ఉంది. కాస్త పక్కకి జరుగుతారా?"

అంతే, చీపురు పైకి లేచింది. తనని ఫొటో తీస్తున్నాడేమోనని వచ్చిన కోపం కంటే, తీయడం లేదని తెలిశాక వచ్చిన కోపమే ఎక్కువ. డేగ ఎగిరిపోయింది. ఇల్హోమ్ ముల్లంగి మడిలో పడ్డాడు.

గోల విని మోహిదిల్ నానమ్మ బయటికొచ్చింది. మర్గిలాన్ ఊళ్ళో ఆ వీధి వీధంతా ఆవిడని బువి, అంటే నానమ్మ అనే పిలుస్తుంది. ఆ ఇంట్లో ఆవిడ మాటకి తిరుగులేదు.

"చలికి వణికిపోతున్నాడు పాపం. ముందు టీ పొయ్యవే. అబ్బాయ్, పిచ్చుకలు నా ఎండుద్రాక్షంతా మేసేస్తున్నాయి. డేగొచ్చి వాటిని పట్టుకుపోతే నాకు సంతోషమే. వచ్చి తీసుకో ఫొటోలు. గుమ్మంలోంచి మాత్రం రా."

ఇల్హోమ్ పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్. జనాన్ని నవ్వండి నవ్వండి అని బతిమాలి విసుగెత్తినవాడు. డేగ ఎవరు బతిమాలినా నవ్వదు, అందుకే అదంటే అతనికి అంత ఇష్టం. రోజూ పొద్దున్నే వచ్చి, తాతల నాటి దూది కోటు తలమీదుగా కప్పుకుని ద్రాక్ష పందిరి వెనక నక్కి కూర్చునేవాడు. పిచ్చుకల గోల ఒక్కసారిగా ఆగిందంటే డేగ వచ్చేసినట్టే. గోడ వెంట నేలబారుగా దూసుకొచ్చి పిచ్చుకని తన్నుకుపోతుంది. రెప్పపాటులో అంతా అయిపోతుంది. సరిగ్గా ఆ రెప్పపాటులోనే మోహిదిల్ టీ తెస్తుంది, అతని చూపు అటు పోతుంది.

"ఏవీ, చూపించండి. ఇదేంటి?"

"తోక."

"మరిది?"

"అదీ తోకే. కాస్త బాగా వచ్చిన తోక."

"ఇన్నాళ్ళూ మా టీ తాగి తోకలు తీస్తున్నారన్నమాట."

"సరిగ్గా వేట టైములో మీరు రాకుండా ఉంటే..."

"సరే, రేపట్నుంచి రాను."

"అయ్యో, రండి! మీరు రాకపోతే టీ... టీ చల్లారిపోతుంది."

ఎక్కడున్న టీ ఎలా చల్లారుతుందో అతనికే తెలీదు. మోహిదిల్ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఒకరోజు ఆ నవ్వు లేకుండా వచ్చింది.

"ఆదివారం కోకండ్ నుంచి నన్ను అడగడానికి వస్తున్నారు. అబ్బాయికి బట్టల కొట్లున్నాయట. బువికి నచ్చి రెండు వైపుల పెద్దలూ చెరో కొస పట్టుకుని రొట్టె విరిచారంటే ఇంక అయిపోయినట్టే."

ఏదో ఒకటి చెప్పమన్నట్టు చూసింది.

"ఆదివారం... వెలుతురు బాగుంటుంది," అన్నాడు ఇల్హోమ్.

"బాగుంటే తీసుకోండి, తోకలు!" అని విసవిసా వెళ్ళిపోయింది.

శనివారమంతా అతనికి ముద్ద దిగలేదు. మోహిదిల్ లేని పెరట్లో డేగ వాలితే ఎంత, వాలకపోతే ఎంత! ఆ పిల్లంటే తనకి ప్రాణమని అమ్మకి చెబుదామనుకున్నాడు. నోరు తెరిచినప్పుడల్లా ఉప్పు అడిగాడు.

ఆదివారం పందిరి కింద పెద్ద చెక్కమంచం మీద గుడ్డ పరిచి, పలావు, రెండు గుండ్రటి రొట్టెలు పెట్టారు. సంబంధాలు కలపడంలో చెయ్యి తిరిగిన సలోమత్ పిన్ని కోకండ్ వాళ్ళ తరఫున వచ్చి, పెళ్ళికొడుకుని ఆకాశానికెత్తేస్తోంది. ఇల్హోమ్ ఎప్పట్లాగే పందిరి వెనక కోటు కింద నక్కి వింటున్నాడు.

"ఇంకా ఆలోచన దేనికి బువీ? పట్టండి," అంటూ పిన్ని రొట్టె కొస ఒకటి పట్టుకుని, రెండోది బువి ముందుకి చాపింది.

పిచ్చుకలు గప్‌చిప్‌గా అయిపోయాయి.

డేగ వచ్చింది. కాళ్ళు చాచి, గోళ్ళు విప్పి, లెన్సుకి ఎదురుగా, ఎన్నడూ రానంత దగ్గరికి. మీట నొక్కితే చాలు. ఇల్హోమ్ కెమెరా అక్కడే పడేసి, నెత్తిన కోటుతోనే ఎలుగుబంటిలా పరిగెత్తాడు. బువి ముందున్న కొస పట్టుకుని లాగాడు.

రొట్టె రెండుగా విరిగింది. పిచ్చుక తప్పించుకుంది. డేగ ఖాళీ కాళ్ళతో ఎగిరిపోయింది.

"శుభం!" అని చప్పట్లు కొట్టింది సలోమత్ పిన్ని. "పిల్ల తరఫు కొస ఈ అబ్బాయి పట్టాడు. సంబంధం ఖాయం!"

ఇల్హోమ్ చేతిలోని ముక్క వంక చూసుకున్నాడు. ఆపుదామని వచ్చి తనే ఖాయం చేసేశాడు.

వంటింటి తలుపు చాటు నుంచి మోహిదిల్ ఒక్క అంగలో వచ్చింది. "ఇల్హోమ్ గారూ! నన్ను కోకండ్ వాళ్ళకి ఇచ్చేశారా?"

"లేదు, ఆపుదామనే..."

"విరిచి ఆపుతారా ఎవరైనా!"

బువి చెయ్యెత్తింది. "ఉండవే. అబ్బాయ్, నువ్వు మా చుట్టానివా?"

"కాదు బువీ."

"మరి ఆ కొస ఎలా పట్టావు? నువ్వెవరి తరఫు?"

కోటు జారి కింద పడింది.

"నా తరఫే బువీ. మొదట్లో డేగ కోసమే వచ్చాను. తర్వాత మోహిదిల్ కోసం వచ్చాను. మీ మనవరాలిని నాకివ్వండి. తను లేకపోతే నాకు ఏ డేగా వద్దు."

"ఈ ముక్క ముందే చెప్పడానికి ఏం రోగం?" అంది మోహిదిల్. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయామెకి.

బువి తీరిగ్గా పిన్ని వైపు తిరిగింది. "విన్నావుగా సలోమత్? నువ్వూ మగపెళ్ళివాళ్ళ తరఫే, ఇతనూ మగపెళ్ళివాడే. మగపెళ్ళివాళ్ళూ మగపెళ్ళివాళ్ళూ విరుచుకుంటే అది సంబంధం కాదమ్మా, ఫలహారం. తిను."

సలోమత్ పిన్ని ఏదో అనడానికి తెరిచిన నోట్లోనే రొట్టె ముక్క పెట్టుకుంది. "కోకండ్ వాళ్ళకి ఏదో చెప్పుకుంటాలే. కానీ వచ్చాక ఏదో ఒక సంబంధం కలపందే నేను లేవను. ఈ అబ్బాయికి పెద్దలున్నారా?"

"పరిగెత్తు," అంది బువి. "పలావు చల్లారేలోగా మీ అమ్మని తీసుకురా."

ఇల్హోమ్ ఒంటి చెప్పుతో పరిగెత్తాడు. అలవాటు కొద్దీ పిన్ని చెయ్యి రెండో రొట్టె వైపు పోబోతుంటే, మోహిదిల్ దాన్ని చటుక్కున లాక్కుంది. అతని అమ్మ వచ్చేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, రెండు చేతులతో ఒళ్ళో పట్టుకుని కూర్చుంది.