వీపు చూడని పదిహేడు రోజులు

"వెండెల్! లే వెండెల్!... అయ్యో దేవుడా!"

గడ్డిమోపుల బండి మీంచి కుప్పకూలిన భర్తను ఒళ్లోకి లాక్కుని నోరీన్ గావుకేక పెట్టింది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రమంతా ఉడికిపోతున్న ఆ జూలై ఎండలో అతని ఒళ్లు చల్లగా తగిలింది! ఆసుపత్రికి చేరేసరికి గుండె నిమిషానికి ముప్ఫై రెండుసార్లే కొట్టుకుంటోంది... ముప్ఫై తొమ్మిదేళ్ల మనిషికి!

"గుండె పైగదుల కబురు కిందికి అందడం లేదు. ప్రస్తుతానికి గుండెలోకి తీగ వేసి కరెంటుతో నడిపిస్తున్నాం. ఇలాగే ఉంటే పేస్‌మేకర్ తప్పదు," అన్నాడు డాక్టరు. "ఈమధ్య గడ్డిలో ఉండే పిడుదు పురుగు ఏదైనా కుట్టిందా?"

"లేదు డాక్టర్. రోజూ సాయంత్రం మా ఆవిడ చూస్తుందిగా," అన్నాడు వెండెల్ నీరసంగా.

"మా కోడలి కళ్లు డేగకళ్లు లెండి!" అంది అత్త ఓడిల్.

పొలం నుంచి వచ్చిన మగవాడు చొక్కా విప్పి నిలబడితే, భార్య వీపంతా వెతికి పిడుదులు ఏరేశాకే ఆ ఊళ్లో ఎవరైనా అన్నానికి కూర్చునేది. కానీ కోత వదిలి తన చెల్లెలి పెళ్లికి రానన్నాడన్న కోపంతో నోరీన్ అతనితో మాట్లాడటమే మానేసింది. తను గదిలో, అతను హాల్లో సోఫా మీద... పదిహేడు రోజులు! 'చెప్పకు, అమ్మ నిన్ను బతకనివ్వదు' అన్నట్టు వెండెల్ ఆమె చెయ్యి నొక్కాడు. చెబితే ఈ అత్త ముందు జన్మంతా తలెత్తుకోలేదు. చెప్పకపోతే?... ఆ మనిషే ఉండడేమో!

"అబద్ధం!" భోరుమంది నోరీన్. "నేను చూడలేదు! పదిహేడు రోజులుగా ఆ వీపు నేను చూడనేలేదు డాక్టర్!"

నర్సు అతన్ని జాగ్రత్తగా పక్కకు తిప్పింది. ఎడమ భుజం కింద, పళ్లెమంత ఎర్రటి వలయం!

"పిడుదు కాటుతో వచ్చే లైమ్ జబ్బు! గుండెకు పాకింది," అన్నాడు డాక్టరు. "రక్తపరీక్ష కోసం ఆగొద్దు, మందు ఎక్కించండి. ఇది నయమయ్యేదేనమ్మా, సమయానికి చెప్పారు."

మూడు రోజులు ఓడిల్ కోడలి వైపు చూడనైనా లేదు. తీగ సాయం లేకుండా గుండె తనంతట తాను కొట్టుకుంటోందని నాలుగోరోజు పొద్దున డాక్టరు చెప్పినప్పుడు, నోరీన్ ఆవిడ కాళ్ల దగ్గర కూలబడింది.

"తిట్టండి అత్తయ్యా... నాలుగు తిట్టండి!"

"తిడదామనే కూర్చున్నానే," అంది ఓడిల్. "నోరు రాలేదు. నీ స్థానంలో నేనుంటే పరువుకి జడిసి పెదవి విప్పేదాన్ని కాదు... నా కొడుకు పోయేవాడు!"

ఆవిడ కోడలి తలను ఒళ్లోకి తీసుకుని, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.